సుంకన్న పనిముట్టు, పన్నెండు పిప్పరమెంట్లు

సుంకన్న ముప్పై ఒక్క సంవత్సరాలు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసి, తూటాలు నింపి, రిటైరై, సొంత ఊరు గుట్టకిందపల్లెకు తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండు. ఒకటి మోకాళ్ళ నొప్పులు. రెండోది తన సొంత డబ్బుతో కొనుక్కున్న చిన్న ఇనుప పనిముట్టు.

ఆ పనిముట్టు అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకసారి పేలిన తూటాను మళ్ళీ నింపాలంటే ముందు దాని అడుగున కొత్త రాగి బిళ్ళ పెట్టాలి. తుపాకీ సుత్తి వచ్చి కొట్టేది ఆ బిళ్ళనే, నిప్పు పుట్టేది అక్కడే. దాన్ని ప్రైమర్ అంటారు. బిళ్ళ సరిగ్గా దిగకపోతే తుపాకీ మూసేటప్పుడే మొహం మీద పేలొచ్చు. మరీ గట్టిగా నొక్కితే అసలు పేలదు. సుంకన్న పనిముట్టుకు ఒక మీట ఉంది. దాన్ని బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోతే, బిళ్ళ అడుగుకు తగిలిన క్షణం వేలికి తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడిగితే సుంకన్న చెప్పలేడు. అన్నం ఉడికిందని మీ ఇంట్లో ఆడవాళ్ళకు ఎలా తెలుస్తుందో అడిగి చూడండి, వాళ్ళూ చెప్పలేరు.

గుట్టకిందపల్లెలో అడవిపందుల బెడద. లైసెన్సు ఉన్న షూటరుగా సుంకన్నను ప్రభుత్వమే నియమించింది. ఆయన ఏడాదికి పది పదిహేను తూటాల కంటే ఎక్కువ కాల్చడు. ఒకటి కాలిస్తే నెల రోజులు ఆ చుట్టుపక్కలకు పందులు రావు. మంద మొత్తానికీ ఆయన తుపాకీ మోత గుర్తే. ఊళ్ళో వేరుశనగ రైతులు హాయిగా నిద్రపోయేవారు.

అంతా బాగానే ఉంది కదా. బాగున్నదాన్ని బాగుచేయాలన్న కోరిక ఎవరికో ఒకరికి పుట్టకుండా ఉంటుందా?

ఆ కోరిక డాక్టర్ ముకుందరావు గారికి పుట్టింది. ఆయన వన్యమృగ నివారణ విభాగానికి సంచాలకులు. పట్టుపురుగుల నిద్ర మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ప్రభుత్వ ఖర్చుతో పన్నెండు రోజులు విదేశాలు చూసొచ్చారు. అక్కడ ప్రతి ఇంటి వెనకా ఒక షెడ్డు, షెడ్డులో ఒక బల్ల, బల్ల మీద తూటాలు నింపే యంత్రం ఉంటాయట. ఇంటాయన ఆదివారం పూట ఈల వేసుకుంటూ నింపుకుంటాడట. తిరిగొచ్చిన వారంలోనే 'ఖాళీ తూటా - నిండు చేను' అనే పథకం వెలువడింది. ఇకపై షూటర్లకు కొత్త తూటాలు ఇవ్వబడవు. ఖాళీ తూటాలే ఇవ్వబడును. వాటిని షూటర్లు స్వగృహమునందే, స్వహస్తములతోనే పునఃపూరణ గావించుకొనవలెను.

సుంకన్నకు ఇందులో కొత్తేమీ కనపడలేదు. ఆయన చేస్తున్నది అదే. అయితే ఉత్తర్వులో ఏడో పేరా ఉంది. ప్రైమింగ్ పనిముట్టు ఎంపిక నిమిత్తం ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించడమైనదని, సంఘం ఎంపిక చేసిన పనిముట్టు తప్ప అన్యము వాడరాదని, ప్రస్తుతం వాడుకలో ఉన్నవాటిని నమూనాలుగా కార్యాలయంలో అప్పగించాలని ఆ పేరా చెప్పింది.

నమూనా పట్టుకెళ్ళడానికి సూపరింటెండెంటు శేషాచార్లు స్వయంగా ఊరికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో పుట్టినట్టుండే మనిషి. సుంకన్న చేతిలోంచి పనిముట్టు తీసుకుని, సంచిలో వేసి, లక్కముద్ర కొట్టి, నంబరు ఒకటి అని రాశాడు. ఎప్పుడిస్తారు సార్ అని సుంకన్న అడిగితే, తదుపరి ఉత్తర్వులు వెలువడిన పిమ్మట అన్నాడు. అవెప్పుడు వెలువడతాయని అడిగితే, అవి తదుపరి కనుక తదుపరే వెలువడతాయన్నాడు.

ఆ సాయంత్రమే చెన్నమ్మ వచ్చింది. మొగుడు పోయాక రెండెకరాలు గుత్తకు తీసుకుని ఒంటిచేత్తో వేరుశనగ పండిస్తున్న మనిషి. గుట్టను ఆనుకునే ఆమె చేను. నిరుడు తెగులు కొట్టి పంట పోయింది. ఈసారి కూడా పోతే భూమి ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు.

"అన్నా, ఊడలు మన్నులోకి దిగి కాయ పడతాండాది. ఇంగ నలభై దినాలు కాపాడుకుంటే చాలు," అంది చెన్నమ్మ. "పందులు దిగినాయంటే నేను గుట్టెక్కి దూకాల్సిందే."

"నేనుండాను గదమ్మా," అన్నాడు సుంకన్న. అలవాటుగా అనేశాడు. అన్నాక జేబు తడుముకున్నాడు. ఖాళీగా ఉంది.

నలభై రోజుల్లో పన్నెండు గడిచాక సంఘం సమావేశానికి సుంకన్నకు కూడా పిలుపొచ్చింది. 'అనుభవజ్ఞుడైన వినియోగదారుడు' అని కాగితం మీద రాశారు. చలువ గదిలో పొడవాటి బల్ల, చుట్టూ పదకొండు మంది. మధ్యలో ముకుందరావు గారు. బల్ల మీద మూడు నమూనాలు. ఒకటోది సుంకన్నది, కట్టు విప్పని సంచిలో. రెండోది టౌను లేతు పనివాడు చేసిన మీట. మూడోది బల్ల మీద పట్టక పక్కన నేల మీద నిలబెట్టిన మనిషి ఎత్తు యంత్రం. దాని మీద చక్రాలు, గొట్టాలు, ఎందుకుందో తెలియని ఒక ఎర్ర దీపం.

ముకుందరావు గారు సుంకన్నను చాలా మర్యాదగా అడిగారు, మంచి పనిముట్టును ఎలా గుర్తించాలని. వేలికి తెలవాల సార్ అన్నాడు సుంకన్న. ఏ మేరకు తెలియాలి అని ఒక సభ్యుడు. తెలిసినంత అన్నాడు సుంకన్న. ఆ తెలియడాన్ని ఏ ప్రమాణంలో కొలుస్తారని ఇంకొకాయన. సుంకన్న బొటనవేలు చూపించాడు. పదకొండు మందీ ఆ వేలు వైపు కాసేపు చూశారు. 'వినియోగదారుడు శాస్త్రీయ సమాచారం ఇవ్వజాలకపోయెను' అని శేషాచార్లు రాసుకున్నాడు.

సరే, పరీక్ష చేద్దామన్నారు. సుంకన్న తన సంచిలోంచి రాగి బిళ్ళల పెట్టె తీయబోయాడు. అగ్నిమాపక అధికారి కుర్చీలోంచి లేచేశారు. ప్రభుత్వ సమావేశ మందిరంలో ప్రేలుడు స్వభావం గల పదార్థాన్ని ప్రవేశపెట్టడం నిబంధన పదిహేడుకు విరుద్ధం. ప్రైమర్లు లేకుండా ప్రైమింగ్ పనిముట్టును ఎలా పరీక్షిస్తారని సుంకన్నకు సందేహం వచ్చింది కానీ, ఆ గదిలో ఆ సందేహం మరెవరికీ వచ్చినట్టు లేదు. శేషాచార్లు గొంతు సవరించుకున్నాడు.

"సమాకృతి గల నిరపాయకర పదార్థాన్ని ప్రత్యామ్నాయంగా వినియోగించవచ్చునని మనవి," అన్నాడు.

కాఫీ పళ్ళెం పక్కన గాజుగిన్నెలో పిప్పరమెంట్లు ఉన్నాయి. తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి. అందరి చూపూ అటు మళ్ళింది.

మూడో నమూనా సరఫరాదారుడు తెలివైనవాడు. మందిరంలోకి ప్రైమర్లను రానివ్వరని అతనికి ముందే తెలుసు. ఏ సమావేశంలో ఏం పెడతారో బంట్రోతును ముందే వాకబు చేసుకుని, యంత్రంలో బిళ్ళ పెట్టే గిన్నెను సరిగ్గా పిప్పరమెంటు పట్టేంత వెడల్పుగా చేయించి తెచ్చాడు. తూటా పట్టే చోటు కూడా అలాగే. సుంకన్న పనిముట్టు గిన్నె రాగి బిళ్ళకు సరిపోయేది. పిప్పరమెంటు అందులో పట్టేది కాదు. అయినా నొక్కమన్నారు. నొక్కాడు. పన్నెండింటిలో పదకొండు పొడైపోయాయి. పన్నెండోది నొక్కకముందే ఒక సభ్యుడు నోట్లో వేసుకున్నారు. లేతు మీటా అలాగే పొడి చేసింది. యంత్రం మాత్రం తనకిచ్చిన పన్నెండింటినీ చెక్కుచెదరకుండా దింపింది. ఎర్ర దీపం కూడా వెలిగింది. ముకుందరావు గారు చప్పట్లు కొట్టారు.

'నమూనా ఒకటి: విధ్వంసక స్వభావం గలది. తిరస్కరించడమైనది.'

ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆ పనిముట్టు ఒక్క బిళ్ళను కూడా పాడుచేయలేదు. ఆ మాట చెబుదామని సుంకన్న లేచాడు. అప్పటికి అందరూ భోజనాలకు లేచారు.

యంత్రం ట్రాక్టరు మీద గుట్టకిందపల్లెకు వచ్చింది. ఇంట్లోకి పట్టలేదు. వాకిట్లో పెడదామంటే, పథకం ప్రకారం పునఃపూరణ 'స్వగృహమునందు' జరగాలి కనుక వాకిలి ఒప్పుకోలేదు. కూడా వచ్చిన ఇంజనీరు కొలతలు వేసి, యంత్రాన్ని తగ్గించడం కుదరదు కాబట్టి గోడను తగ్గిద్దామన్నాడు. సుంకన్న భార్య మారెక్క అడ్డం నిలబడింది. ఆమెకు ప్రజాప్రయోజనం అనే మాట మూడుసార్లు వినిపించి, నాలుగోసారి గడ్డపార వేశారు. తూర్పు గోడ పోయింది. మారెక్క మంచం ఉన్నచోట యంత్రం నిలబడింది.

"నీ తుపాకీ సల్లగుండ, నా కొంప కూల్చినావు గదయ్యా," అంది మారెక్క. తర్వాత మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

సుంకన్న ఆ యంత్రంలో రాగి బిళ్ళ వేసి చూశాడు. వెడల్పు గిన్నెలో అది బకెట్లో పడిన బొత్తాంలా అటూ ఇటూ దొర్లింది. చక్రం తిప్పితే అడ్డం తిరిగి ఇరుక్కుంది. భయమేసి వదిలేశాడు. బిళ్ళలు యంత్రానికి సరిపోవడం లేదని కార్యాలయానికి అర్జీ రాశాడు. అప్పటికి నలభైలో ఇరవై రెండు రోజులు మిగిలాయి. చెన్నమ్మ చేనులో పందులు మొదటిసారి పడ్డాయి. తెల్లారి చూస్తే పది సాళ్ళు దున్నేసినట్టున్నాయి.

అర్జీకి జవాబు తొందరగానే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. యంత్రం సంఘం ఎంపిక చేసినది కనుక దానిలో లోపం ఉండే అవకాశం లేదు. లోపం బిళ్ళలోనే ఉన్నది. కాబట్టి నిర్వచనాన్ని సవరించడమైనది: 'ప్రైమింగ్ పదార్థము అనగా తెల్లని వర్ణము, వర్తులాకారము, ఎంపికైన యంత్రము గిన్నెకు సరిపడు పరిమాణము గల పదార్థము.'

ఈ నిర్వచనం చదివి సుంకన్న నవ్వాడు. టౌనులో కిరాణా కొట్టు నడిపే వెంకటాద్రి శెట్టి మాత్రం నవ్వలేదు. నాలుగు సీసాల నిండా ప్రైమింగ్ పదార్థాన్ని లైసెన్సు లేకుండా బహిరంగంగా నిల్వ ఉంచినందుకు ఆయనకు నోటీసు వచ్చింది. సీసాలకు లక్కముద్ర వేశారు. పెళ్ళిభోజనాల్లో తాంబూలంతో పాటు పిప్పరమెంట్లు పంచాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్నారు. కొట్టుకు వంద అడుగుల దూరంలో పొగ తాగరాదని బోర్డు పెట్టారు. శెట్టి ఇరవై ఏళ్ళుగా బీడీ తాగుతూ పిప్పరమెంట్లు అమ్ముతున్నాడు, ఇన్నాళ్ళూ ఎంత ప్రమాదంలో ఉన్నాడో తలచుకుని నిజంగానే వణికిపోయాడు.

ఇటు సుంకన్నకు పిప్పరమెంట్లు సీలు వేసిన పెట్టెలో, సాయుధ కానిస్టేబులు కాపలాతో వచ్చాయి. యంత్రంతో నొక్కి తూటాలు నింపమన్నారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ, ఏం చేస్తాడు? నింపాడు. తూటా అడుగున పట్టనిదాన్ని అరగదీసి కూరాడు. ఇల్లంతా చీమలు. నెలవారీ నివేదికలో శేషాచార్లు 'పునఃపూరితములు: రెండు వందల నలభై. ప్రమాదములు: లేవు' అని రాశాడు. నిజమే, ఒక్కటి కూడా పేలలేదు కాబట్టి ప్రమాదాలు లేవు. ముకుందరావు గారు ఆ నివేదిక చూసి, దేశంలోనే తొలిసారిగా ప్రమాదరహిత తూటాను సాధించామని విలేకరులకు చెప్పారు.

తొమ్మిది రోజులు మిగిలి ఉండగా ఒక తెల్లవారుజామున చెన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. సుంకన్న తుపాకీలో ప్రభుత్వ తూటా వేసుకుని పోయాడు. వేరే తూటా లేదు మరి. చేను మధ్యలో ఏడెనిమిది పందులు. పెద్దది ఇరవై గజాల్లో ఉంది. గురిపెట్టి నొక్కాడు. టిక్కుమంది. రెండోది వేశాడు. టిక్కుమంది. పంది తలెత్తి సుంకన్నను చూసి, మళ్ళీ కాయలు నమలడం మొదలుపెట్టింది.

చెన్నమ్మ ఏడవలేదు. గట్టు మీద కూర్చుని, పందులు తినడం అయ్యేదాకా చూస్తూ ఉండిపోయింది. పోయేటప్పుడు, "నీ తప్పేముందిలే అన్నా," అంది. సుంకన్నకు ఆ మాటే గుచ్చుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళి కాళ్ళు కూడా కడుక్కోకుండా టౌను బస్సెక్కాడు. శేషాచార్లు బల్ల ముందు నిలబడి, తన పనిముట్టు తనకు ఇప్పించమన్నాడు.

శేషాచార్లు విసుక్కోలేదు. ఫైలు తీసి, పేజీలు తిప్పి, ఓపిగ్గా వివరించాడు. తిరస్కరించిన ప్రైమింగ్ పనిముట్టును యజమానికి తిరిగి ఇవ్వడానికి లేదు, దానిని ధ్వంసం చేయాలి. అయితే అది ప్రైమింగ్ పనిముట్టే కాదని తేలితే, అనవసర వస్తువు కింద వాపసు చేయవచ్చు. పరీక్షలో అది ప్రైమింగ్ పదార్థాన్ని పొడి చేసింది కనుక అది పనిముట్టు కాదనడానికి ఆధారం ఉంది. కార్యాలయం ఆ మేరకు ధ్రువపత్రం ఇస్తుంది. దానికి యజమాని కూడా వాంగ్మూలం రాసివ్వాలి.

వాంగ్మూలం కాగితం ముందే అచ్చువేసి ఉంది. 'పై ఇనుప వస్తువు ప్రైమింగ్ పనిముట్టు కాదనియు, నా ఉద్యోగకాలమందు గాని తదనంతరం గాని దీనితో ఎన్నడును ఒక్క తూటానైనను సిద్ధపరచి ఉండలేదనియు, ఇది ఎందుకును పనికిరానిదనియు నా పూర్తి ఎరుకతో వ్రాసి ఇచ్చుచున్నాను.'

సుంకన్న రెండుసార్లు చదివాడు. ఆయన సిద్ధం చేసిన తూటాలు ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఎన్నో లెక్కలేదు. ఒక్కటి కూడా ఎవరి చేతిలోనూ తిరగబడలేదు. రిటైరైన రోజు పై అధికారి శాలువా కప్పి, సుంకన్న చేతి తూటా అంటే కళ్ళు మూసుకుని కాల్చొచ్చని నలుగురిలో అన్నాడు. ఆ మాట ఒక్కటే ఆయన దాచుకున్న ఆస్తి.

"ఈ నడిమి వాక్యం కొట్టేసి సంతకం పెట్టొచ్చా సార్?"

"అచ్చువేసిన నమూనా. మార్పులకు తావు లేదు."

గట్టు మీద కూర్చున్న చెన్నమ్మ కళ్ళ ముందు మెదిలింది. సంతకం పెట్టాడు. సంతకం పక్కన కుడి బొటనవేలి ముద్ర కూడా వేయమన్నారు. సిరా మెత్త మీద వేలు ఆనించి, కాగితం మీద నొక్కాడు. ఎంత నొక్కాలో ఆ వేలికి తెలుసు. ముద్ర చక్కగా పడింది. మొహం పక్కకు తిప్పుకుని పనిముట్టు, కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం జేబులో వేసుకున్నాడు.

ఇక రాగి బిళ్ళల సంగతి. అవి తెల్లగా లేవు, యంత్రం గిన్నెకు సరిపోవు, కనుక కొత్త నిర్వచనం ప్రకారం అవి ప్రైమింగ్ పదార్థం కావు. సుంకన్న సంచిలో ఎప్పటి పెట్టె అప్పటిలాగే ఉంది. వాటిని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని ఆరు తూటాలు సిద్ధం చేశాడు. సిరా మరక ఇంకా పోని వేలితో మీట నొక్కాడు. బిళ్ళ అడుగుకు తగిలింది, వేలికి తెలిసింది. మారెక్క మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున గుట్టకిందపల్లె మొత్తం ఆ మోత విని లేచింది. నెలన్నర తర్వాత వినపడిన మోత. పెద్ద పంది అక్కడే పడింది. మిగిలినవి గుట్ట దాటి ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. చెన్నమ్మ చేను రెండెకరాల్లో ఎకరాకు పైగా మిగిలింది. ఆసామి వచ్చి చూసి, సరేలే, వచ్చే ఏడు కూడా నువ్వే చేసుకో అని పోయాడు.

మోత సంగతి కార్యాలయం దాకా పోయింది. ప్రమాదరహిత తూటా పేలిందంటే మాటలా? నాలుగో రోజున శేషాచార్లు జీపులో దిగాడు, బంట్రోతును వెంటబెట్టుకుని. యంత్రాన్ని చూశాడు. దాని చక్రం మీద మారెక్క తడిబట్టలు ఆరేసి ఉంది. యంత్రం వాడుకలో ఉన్నట్టు రాసుకున్నాడు. తర్వాత సుంకన్న చేతిలో ఉన్నది చూశాడు.

"అదేమిటి?"

సుంకన్న తొందరపడలేదు. గూట్లోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఇది ఎందుకూ పనికిరాని వస్తువని ధ్రువీకరిస్తూ శేషాచార్లు స్వయంగా చేసిన సంతకం, కార్యాలయ ముద్ర. శేషాచార్లు తన సంతకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, తృప్తిపడ్డాడు. 'గృహమునందు యంత్రము తప్ప అన్య ప్రైమింగ్ పనిముట్టేదియు కానరాలేదు' అని రాసి ఫైలు మూశాడు.

అయినా కదల్లేదు. బంట్రోతును జీపు దగ్గరికి పంపించి, అరుగు మీద సుంకన్న పక్కనే కూర్చున్నాడు. చంకలోంచి ఫైలు తీసి పక్కన పెట్టడం సుంకన్న చూడటం అదే మొదలు.

"మా బావమరిదిది ఆరెకరాల శనగ చేను సుంకన్నా. వారం నుంచి పందులు పడుతున్నాయి," అన్నాడు గొంతు తగ్గించి. "అక్కడి షూటరుకూ యంత్రం ఒకటి ఇచ్చాం. నీకు తెలుసుగా. నువ్వు ఒకసారి... ఆ పనికిరానిదాన్ని తీసుకుని వస్తావా?"

సుంకన్న పనిముట్టును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ మింగాడు.

"వస్తాలే సార్. పంట ఎవురిదైనా పంటే. కానీ ఇది పన్జేస్తాదని ఒక్క ముక్క రాసియ్యండి. యాడా చూపీను. మా ఇంట్లోనే పెట్టుకుంటా."

శేషాచార్లు మొహం వాడిపోయింది. జేబులోని కలం మీద చేయి వేసి, మళ్ళీ తీసేశాడు. తల అడ్డంగా ఊపాడు.

"రాయడం కుదరదు సుంకన్నా."

"పోనీ, నోటితోనన్నా అనండి."

శేషాచార్లు జీపు వైపు చూశాడు. బంట్రోతు అటు తిరిగి బీడీ కాల్చుకుంటున్నాడు. కూలిన గోడ వైపు చూశాడు. అవతల మారెక్క లేదు. సుంకన్న చెవి దగ్గరికి వంగాడు.

"పనిచేస్తుంది," అన్నాడు.

సుంకన్న పనిముట్టును జేబులో వేసుకుని, తుపాకీ అందుకుని లేచాడు.